కంటి మీద ఫోకస్ పెడితే చెవి షార్ప్‌గా వస్తోంది, ఫైన్ ట్యూన్ చేసుకోవచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నా దగ్గర ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా), 85 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ ఉన్నాయి. పోర్ట్రెయిట్లు తీసేటప్పుడు ఒకే ఒక్క ఫోకస్ పాయింట్ పెట్టుకుని సరిగ్గా కంటి మీదే ఫోకస్ చేస్తున్నాను. బీప్ వస్తుంది, వ్యూఫైండర్‌లో చుక్క వెలుగుతుంది. తీరా కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే కనురెప్పలు మసక, చెవి దగ్గర వెంట్రుకలు మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉంటున్నాయి. లెన్స్ రంధ్రం చిన్నదయ్యే ఎఫ్/5.6లో అయితే తేడా తెలియడం లేదు. మెనూలో ఏఎఫ్ (ఆటోఫోకస్) ఫైన్ ట్యూన్ అని ఉంది కానీ, ముట్టుకుంటే ఏం పాడవుతుందోనని టెన్షన్. సర్వీసుకి ఇవ్వాలా, నేనే సరిచేసుకోవచ్చా?

జవాబు:
ముందు ఆ టెన్షన్ వదిలేయండి. దాంతో లెన్స్ లోపల ఏ భాగమూ కదలదు. కెమెరా గుర్తుపెట్టుకునే అంకె ఒకటి మారుతుంది, అంతే. మళ్లీ సున్నా పెడితే పాత స్థితికి వచ్చేస్తుంది.

అయితే అంకె మార్చేముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి. 85 ఎంఎంతో ఎఫ్/1.8లో మీటరున్నర దూరం నుంచి తీస్తే షార్ప్‌గా వచ్చే మందం మూడు సెంటీమీటర్ల పైచిలుకే. ఫోకస్ లాక్ చేశాక మీరు కాస్త ముందుకు ఒరిగినా, ఎదుటివాళ్లు తల కదిపినా కన్ను ఆ మందం దాటిపోతుంది. మధ్య పాయింట్‌తో ఫోకస్ చేసి ఫ్రేమ్ పక్కకు జరిపే అలవాటుంటే అప్పుడూ అంతే. వీటికి ఫైన్ ట్యూన్ మందు కాదు.

ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, కదలని వస్తువును వ్యూఫైండర్‌తో ఒకసారి, లైవ్ వ్యూతో (వెనక తెర మీద చూస్తూ) ఒకసారి ఎఫ్/1.8లోనే తీయండి. లైవ్ వ్యూలో కెమెరా ఫొటో పడే సెన్సర్ మీదే ఫోకస్ చూసుకుంటుంది. వ్యూఫైండర్‌లో అలా కాదు. వెలుతురు అద్దం గుండా కొంత దిగి, వెనకున్న చిన్న అద్దం తగిలి, కింద ఫోకస్ కొలిచే ఏఎఫ్ మాడ్యూల్‌కు చేరుతుంది. ఈ దారీ, సెన్సర్‌కు వెళ్లే దారీ పొడవులో అచ్చంగా సమానంగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఫోకస్ ముందుకో వెనక్కో పడుతుంది. లైవ్ వ్యూ ఫొటో బాగుండి వ్యూఫైండర్ ఫొటో తప్పితే అప్పుడు ఫైన్ ట్యూన్ చేయండి. రెండూ మసగ్గా ఉంటే కారణం వేరే.

అడిగినవారు:
చేసి చూశానండీ. లైవ్ వ్యూలో చక్కగా ఉంది, వ్యూఫైండర్‌లో వెనక్కే పోతోంది. దాంతో స్కేలును ఏటవాలుగా పెట్టి, మధ్య గీత మీద ఫోకస్ చేసి కొలవబోయాను. ఒక్కో షాట్‌కి ఒక్కోలా వస్తోంది!

జవాబు:
ఏటవాలు స్కేలు మీద ఎప్పుడూ ఫోకస్ చేయకండి. వ్యూఫైండర్‌లో కనిపించే చిన్న చదరం కన్నా అసలు ఏఎఫ్ సెన్సర్ చూసే మేర ఎక్కువ. మీరు మధ్య గీత అనుకుంటారు, అది పక్క గీతను పట్టుకుంటుంది. నలుపు తెలుపు గీతలున్న కాగితాన్ని అట్టకు అంటించి కెమెరాకు ఎదురుగా నిటారుగా నిలబెట్టండి. ఫోకస్ దాని మీద. స్కేలు పక్కన 45 డిగ్రీల ఏటవాలులో, దాని సున్నా గీత కాగితంతో సమానంగా ఉండాలి. అది చదువుకోవడానికి మాత్రమే.

దూరం దగ్గర చాలామంది పొరబడతారు. ఫోకల్ లెంగ్త్‌కు (లెన్స్ పేరులోని ఎంఎం అంకెకు) 50 రెట్లు అని సాధారణంగా చెబుతారు, అంటే మీకు 4.25 మీటర్లు. నా మాట వింటే, మీరు నిజంగా పోర్ట్రెయిట్లు తీసే దూరంలోనే సెట్ చేసుకుని, తర్వాత నాలుగు మీటర్ల దగ్గర సరిచూసుకోండి. ఒక దూరంలో కుదిరిన అంకె మరో దూరంలో అంతే బాగా కుదరాలని లేదు. వెలుతురు పగటిదైతే మేలు. కొన్ని బల్బుల కింద ఏఎఫ్ చదివే రంగుల పాళ్లు మారి ఫలితం కూడా మారుతుంది.

ప్రతి షాట్‌కు ముందు ఫోకస్ రింగు తిప్పి చెడగొట్టండి, ఒకసారి ఇన్ఫినిటీ (బాగా దూరం) వైపు, ఒకసారి దగ్గరి వైపు. ఒకే అంకె మీద కూడా షాట్‌కీ షాట్‌కీ కాస్త తేడా రావడం ఈ పద్ధతి సహజ గుణం. ఫైన్ ట్యూన్ ఆ చెదురును తగ్గించదు, మొత్తంగా ముందుకో వెనక్కో జరుపుతుంది. అందుకే ఒక్క ఫొటో చూసి నిర్ణయించకుండా, ఎక్కువ ఫొటోలు ఎటు పడుతున్నాయో చూడండి.

నికాన్‌లో ఇది సెటప్ మెనూలో ఉంటుంది. కానన్‌లో ఏఎఫ్ మైక్రో అడ్జస్ట్‌మెంట్ అంటారు, అక్కడ అన్ని లెన్సులకూ ఒకే అంకె కాకుండా లెన్స్ వారీగా ఎంచుకోండి. రెండింట్లోనూ -20 నుంచి +20 వరకు. ప్లస్ ఫోకస్‌ను దూరం జరుపుతుంది, మైనస్ దగ్గరకు లాగుతుంది. మీకు వెనక్కి పోతోంది కాబట్టి మైనస్. ముందు -10 పెట్టి చూడండి, దాటిపోతే సగానికి రండి. ఒక్కో అంకె చొప్పున మొదలుపెడితే తేడా కంటికి ఆనదు.

మరో సభ్యుడు:
అన్నా, నా కెమెరాలో ఈ ఆప్షనే కనపడట్లేదు. పైగా నాది జూమ్ లెన్స్.

జవాబు:
నికాన్ డీ3000, డీ5000 వరుసల్లో అసలు ఇవ్వలేదు తమ్ముడూ. కానన్ 50డీలో ఇచ్చి, 60డీలో తీసేసి, 70డీలో మళ్లీ పెట్టారు. బాడీలో లేనివాళ్లకు దారి లెన్స్ వైపు నుంచి ఉంది. లెన్స్‌ను కంప్యూటర్‌కు కలిపే సిగ్మా యూఎస్‌బీ డాక్, టామ్రాన్ ట్యాప్-ఇన్ కన్సోల్ వాటికి సరిపడే లెన్సుల్లోనే అంకెలు రాసిపెడతాయి. సిగ్మా జూముల్లో అయితే నాలుగు ఫోకల్ లెంగ్తులకు, ఒక్కోదానికి నాలుగు దూరాలకు విడివిడిగా ఇవ్వొచ్చు. ఓపిక కావాలి కానీ ఫలితం బాగుంటుంది. బాడీలో ఒకే అంకె ఇచ్చే వీలుంటే జూమును టెలి చివర (ఎక్కువ ఎంఎం వైపు) సరిచేయండి, తప్పు ఎక్కువగా కనపడేది అక్కడే. కానన్ 5డీ మార్క్ 3 లాంటి వాటిలో వైడ్‌కూ (తక్కువ ఎంఎం వైపు), టెలికీ వేరువేరుగా ఇచ్చుకోవచ్చు. మిర్రర్‌లెస్ (అద్దం లేని కెమెరా) వాళ్లకు ఈ గొడవ దాదాపు ఉండదు, ఫోకస్ చూసేదీ ఫొటో తీసేదీ ఒకే సెన్సర్ కదా.

అడిగినవారు:
-7 దగ్గర కుదిరిందండీ, చాలా థ్యాంక్స్! కనురెప్పలు ఇప్పుడు తేటగా ఉన్నాయి. నాలుగు మీటర్ల దగ్గరా బాగుంది. కానీ నా ఇంకో లెన్స్, 50 ఎంఎం కూడా వెనక్కే పోతోందని ఇప్పుడే గమనించాను.

జవాబు:
దాన్నీ ఇలాగే కొలిచి చూడండి. అదీ దాదాపు అంతే తేడాతో, అదే వైపుకు పోతుంటే లెన్సుల కన్నా బాడీనే అనుమానించాలి. చిన్న తేడా అయితే దేని అంకె దానికి పెట్టుకుని హాయిగా వాడుకోవచ్చు. -15 దాటాల్సి వస్తే మాత్రం బాడీ, లెన్సులు కలిపి సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. ఇచ్చేముందు ఫైన్ ట్యూన్ ఆఫ్ చేసి, లైవ్ వ్యూ, వ్యూఫైండర్ ఫొటోలు జతగా చూపించండి.