ఎగ్జిట్ త్రూ ది గిఫ్ట్ షాప్: తియరీ నిజమా, బ్యాంక్సీ కట్టించిన వేషమా?

టేపులపెట్టె:
మొహం చూపించని వీధి ఆర్టిస్టు బ్యాంక్సీ తీసిన ఈ డాక్యుమెంటరీని నిన్న రాత్రి మూడోసారి చూశాను. తియరీ గెట్టా లాస్ ఏంజెలెస్‌లో పాత ఫ్యాషన్ బట్టల కొట్టు నడుపుతుంటాడు, చేతిలోంచి కెమెరా దించడు. 1999లో ఫ్రాన్స్ వెళ్తే, గోడల మీద మొజాయిక్ బొమ్మలు అంటించే ఇన్వేడర్ తన కజినేనని తెలుస్తుంది. అక్కణ్ణించి ఇంకో వీధి ఆర్టిస్టు షెపర్డ్ ఫేరీ, చివరికి బ్యాంక్సీ పరిచయమవుతారు. వాళ్లకి నిచ్చెన పట్టుకుంటాడు, కాపలా కాస్తాడు, షూట్ చేస్తాడు. తీసిన టేపు మాత్రం వెనక్కి తిప్పి చూడడు. పెట్టెలో పడేస్తాడు, అంతే.

ఇక్కడే నాకు గుచ్చుకుంది. ఆరేళ్లుగా నేనూ గోడల మీద బొమ్మలు వేసే ఒక మ్యూరల్ ఆర్టిస్ట్ వెనకాల కెమెరాతో తిరుగుతున్నాను. పదకొండు హార్డ్‌డిస్కులు నిండాయి. మూడింటి మీద 'చూడాలి' అని రాసుంది, నా చేతిరాతే. మిగతావాటి మీద అదీ లేదు.

సినిమా ఆఖరికి తియరీ తనే ఆర్టిస్టై బొమ్మలు అమ్మేస్తాడు కదా, నేను షూట్ చేసే ఆర్టిస్టు, మావాడేమో "అదంతా బ్యాంక్సీ నాటకం రా, పబ్లిసిటీ కోసం కళని అమ్ముకునేవాళ్ల మీద సెటైర్" అంటాడు. ఎడిటింగ్‌లో ఉన్నవాళ్లు ఏమంటారు?

జిగురుబకెట్:
నాటకమైతే కోర్టుదాకా వెళ్తుందా? అమెరికన్ హిప్‌హాప్ బృందం రన్ డీఎంసీ ఫొటో ఒకటి తియరీ తన బొమ్మల్లో వాడుకున్నందుకు ఫొటోగ్రాఫర్ గ్లెన్ ఫ్రీడ్‌మన్ కేసు వేస్తే, 2011లో కాలిఫోర్నియాలో ఫెడరల్ కోర్టు గెట్టాకి వ్యతిరేకంగానే తీర్పిచ్చింది. 2009లో మడోనా 'సెలబ్రేషన్' ఆల్బమ్ కవర్ చేసిందీ ఇతనే. మనిషి నిజమే. బొమ్మలు ఎవరు గీశారంటారా, జీతానికి పెట్టుకున్నవాళ్లు గీయడం సినిమాలోనే కనిపిస్తుంది.

కత్తెర:
నిజమా అబద్ధమా అన్నది నాకంత పెద్ద ప్రశ్న కాదండీ. నేను ఆగిపోయేది ఇంకోచోట. తియరీ తన టేపులన్నీ కలిపి గంటన్నర సినిమా చేసి లండన్ పట్టుకెళ్తాడు. 'లైఫ్ రిమోట్ కంట్రోల్' దాని పేరు. ఎవరో రిమోట్ నొక్కుతూ ఛానళ్లు మారుస్తున్నట్టు ఉంటుంది, ఒక్క షాట్ నిలవదు. బ్యాంక్సీకి చెప్పడానికి నోరు రాలేదు. నువ్వు వెళ్లి బొమ్మలు వేసుకో, చిన్న షో పెట్టుకో, టేపుల సంగతి నేను చూస్తానన్నాడు. మొహమాటానికి అన్న ఆ ఒక్క మాటలోంచి పుట్టాడు తియరీ ఆర్టిస్టు అవతారం, మిస్టర్ బ్రెయిన్‌వాష్!

చిన్న షో అంటే తియరీకి అర్థమైంది వేరు. 2008లో హాలీవుడ్‌లో పాత సీబీఎస్ స్టూడియో అద్దెకు తీసుకున్నాడు. మధ్యలో నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అయినా ఆగలేదు. ఫేరీనీ, బ్యాంక్సీనీ నాలుగు మంచి మాటలడిగి, వాటినే ప్రచారానికి వాడుకున్నాడు. ముందొచ్చినవాళ్లకి ఫ్రీ ప్రింట్లన్నాడు. ఆ ప్రింట్లు నేలంతా పరిచి, వాటి మీద రంగు చిలకరించుకుంటూ పోతాడు చూడండి, ఏ రెండూ ఒకేలా ఉండకూడదని. నాకు ఆ సీన్ చాలు. షో దాదాపు 10 లక్షల డాలర్ల అమ్మకాలు చేసిందని సినిమాయే చెబుతుంది.

మీ సంగతికి వస్తే, ఆరేళ్లు తీసి చూడకపోవడం బద్ధకం కాదు, భయం. చూస్తే సినిమా లేదని తేలిపోతుందేమోనని. నేనూ పడ్డాను. ఒక డిస్కు పెట్టండి. కట్ చేయొద్దు, నోట్స్ రాయొద్దు, ఊరికే చూడండి.

టేపులపెట్టె:
కత్తెర గారూ, ఐదో నంబరు డిస్కు పెట్టాను. మొదటి నలభై నిమిషాలు చీకటే. కెమెరా బ్యాగులో ఉండగా రికార్డింగ్ ఆన్‌లో మిగిలిపోయింది. తీసేద్దామనుకుంటుండగా మావాడి గొంతు. గోడ ఓనరుతో బేరం: "డబ్బులొద్దండీ. సంతకం మాత్రం రెండడుగులుండాలి, కింద ఇన్‌స్టా ఐడీ కూడా. మెయిన్ రోడ్డు వైపే వేస్తాను."

నాటకమన్నది ఈయనే! ఇది వాడుకోవచ్చా?

కత్తెర:
ముందు ఆయన్ని పక్కన కూర్చోబెట్టి వినిపించండి. అప్పుడు కెమెరా బ్యాగులో ఉంచకండి, బల్ల మీద పెట్టి, ఆన్‌లో ఉందని చెప్పండి.