మెట్ల కింద రాత్రిపూట గొడవ: ఎవరికి చెప్పినా మరొకరి దగ్గరికి వెళ్లమంటున్నారు

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండులో ఒక హౌసింగ్ అసోసియేషన్ (తక్కువ అద్దెకు ఇళ్లు ఇచ్చే సంస్థ) ఫ్లాట్లలో అద్దెకు ఉంటున్నాము. నాలుగు నెలలుగా వారానికి మూడు రాత్రులైనా కొందరు యువకులు మా మెట్ల కింద చేరి తాగుతూ, సీసాలు పగలగొడుతూ, ఇదేమిటని అడిగినవారిని బూతులు తిడుతున్నారు. కింది అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడ చీకటి పడగానే తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకుంటున్నారు. ఆ కుర్చీ ఈడ్చిన చప్పుడు రోజూ మాకు వినిపిస్తుంది. పోలీసులు హౌసింగ్ వారిని అడగమంటారు, హౌసింగ్ వారు కౌన్సిల్‌కు (మన మునిసిపాలిటీ వంటిది) రాయమంటారు. మేము ఎవరిని ఆశ్రయించాలి?

జవాబు 1:
ఇలా ఒకరి మీద ఒకరు నెట్టుకునే పరిస్థితికే 2014 నాటి అసాంఘిక ప్రవర్తన చట్టంలో కేస్ రివ్యూ, అంటే మన ఫిర్యాదులపై తీసుకున్న చర్యల సమీక్ష, కోరే హక్కు కల్పించారు. మొదట్లో దీనిని కమ్యూనిటీ ట్రిగ్గర్ అనేవారు. అర్హత హద్దును ఏ ప్రాంతానికి ఆ ప్రాంతమే నిర్ణయించుకున్నా, దరఖాస్తు చేయాలంటే ఆరు నెలల్లో మూడు కంటే ఎక్కువ ఫిర్యాదులు ఉండాలని అధికారులు షరతు పెట్టడానికి వీలులేదు. దరఖాస్తు అర్హమైనదైతే పోలీసులు, కౌన్సిల్, హౌసింగ్ వారు ఇంతవరకు ఏం చేశారో కలిసి సమీక్షించి, ఫలితాన్ని మీకు తెలియజేయాలి. అయితే సంఘటన జరిగాక ఒక నెలలోపు చేసిన ఫిర్యాదే సాధారణంగా లెక్కలోకి వస్తుంది కాబట్టి, ఓపిక పట్టి అన్నీ కలిపి ఒకేసారి చెబుదామనుకోకండి.

జవాబు 2:
మేమూ ఇదే బాధ పడ్డాము. ఎన్నోసార్లు ఫోన్ చేసి చెప్పినా ఒక్క రిఫరెన్స్ నంబరూ అడిగి తీసుకోలేదు. తీరా చూస్తే మా ఫిర్యాదుల్లో చాలావరకు ఎక్కడా నమోదు కాలేదు. ఆ తర్వాత ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాము. "రాత్రంతా గోల" అని కాకుండా "రాత్రి 11:40 నుంచి 1:15 వరకు, నలుగురు, రెండు సీసాలు పగిలాయి, పాప రెండుసార్లు ఉలిక్కిపడి లేచింది" అని అదే రాత్రి రాసిపెట్టాము. అధికారులు మా మాట శ్రద్ధగా విన్నది ఆ పుస్తకం ముందు పెట్టాకే.

జవాబు 3:
దయచేసి మీరు కిందికి వెళ్లి వారితో వాదించకండి, వారి ముఖాలు కనిపించే వీడియోలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ప్రాణభయం ఉంటే అత్యవసర నంబరు 999కి, లేకపోతే పోలీసుల సాధారణ నంబరు 101కి ఫోన్ చేయండి. పదహారేళ్లు నిండినవారికి ముందు లిఖితపూర్వకంగా హెచ్చరించి, మారకపోతే ఆ ప్రవర్తన మానాలని ఆదేశించే కమ్యూనిటీ ప్రొటెక్షన్ నోటీసు ఇచ్చే అధికారం పోలీసులకూ కౌన్సిల్‌కూ ఉంది. దానిని ఉల్లంఘించడం నేరం. ఇంతకీ మీ ప్రధాన ద్వారం తాళం సరిగా పడుతోందా? అది కూడా చూడండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. తాళం చాలాకాలంగా పాడైంది. ఈ రోజే మరమ్మతుకు రాశాను. పాత ఫిర్యాదుల్లో రెండింటికి నంబర్లు దొరికాయి, నిన్నటి రాత్రి సంఘటనతో మూడవది నమోదైంది. పెద్దావిడ తన తరఫున కూడా దరఖాస్తు చేయమని సమ్మతిపత్రం రాసి ఇచ్చారు. రెండు దరఖాస్తులూ రేపు పంపుతున్నాను.