అలంపురం లజ్జాగౌరి: తెగిన తలా, పూసిన తామరా?

శిల్పాసక్తి:
అలంపురం మ్యూజియంలోని లజ్జాగౌరి (సంతానం కోసం కొలిచే దేవత) విగ్రహానికి మెడ మీద తల ఉండాల్సిన చోట విచ్చుకున్న తామర ఉంటుంది. జమదగ్ని మాట మీద పరశురాముడు తల్లి రేణుక తల నరికాడని, ఆ తల ఎల్లమ్మగా, మొండెం ఈ అమ్మవారిగా వెలిశాయని స్థానిక కథ. నా మటుకు ఆ శిల్పంలో రేణుక కనబడదు. మీరేమంటారు?

నడిగడ్డ:
మా వైపు ఎల్లమ్మ గుళ్లలో చాలాచోట్ల శిరస్సుకే పూజ. ఇక్కడేమో శిరస్సు లేని దేహం. ఇంతకన్నా ఏం కావాలండీ? పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తరతరాలుగా నమ్మిన కథ ఇది. చదువుకున్నవాళ్లు కాదన్నంత మాత్రాన పోదు.

శిల్పాసక్తి:
మొక్కుల జోలికి నేను పోవడం లేదు, నడిగడ్డ గారూ. శిల్పి ఏం చెక్కాడన్నదే నా ప్రశ్న. తల తెగిన దేవతను చూపదలిస్తే ఎలా చూపుతారో తన తల తానే నరుక్కున్న దేవత ఛిన్నమస్తను చూస్తే తెలుస్తుంది: మెడ నుంచి నెత్తురు చిమ్ముతుంది, తల ఆమె చేతిలోనే ఉంటుంది. బాదామి చాళుక్యుల నాటి ఈ అలంపురం విగ్రహంలో కోత గుర్తే లేదు. చేతుల్లోనూ తామరలే, కాళ్లు ఉత్తానపాద భంగిమలో, అంటే మోకాళ్లు మడిచి ఎడంగా పెట్టినట్టు ఉన్నాయి. లజ్జాగౌరి రూపాల్లో మరీ సరళమైనదాన్ని చూడండి: కాళ్లున్న కుండ, దాని మూతి నుంచి పూలు. ఎవరు నరికారు ఆ కుండ తలను? అది పూర్ణకుంభమే, తర్వాత స్త్రీ దేహం దాల్చింది. చేతులు లేని తామర తల, చేతులున్న తామర తల, చివరికి మనిషి ముఖం ఉన్నవి కూడా దొరికాయి. మనిషి తలతోనూ ఆమె ఆమే అయినప్పుడు తల పోవడం ఆమె కథలో ముఖ్యం ఎలా అవుతుంది?

కృష్ణాతీరం:
నాగార్జునకొండ లజ్జాగౌరి విగ్రహాన్ని మరిచారు. ఇక్ష్వాకు రాజు ఎహువుల శాంతమూలుని రాణి ఖండువుల చేయించినది. శాసనంలో ఆమె తనను అవిధవగా (భర్త ఉన్నదానిగా), జీవపుత్రగా (బిడ్డలు బతికున్నదానిగా) చెప్పుకుంది. భర్త, బిడ్డల క్షేమం కోరే ఇల్లాలు నరికిన మొండేన్ని చేయిస్తుందా?

నడిగడ్డ:
ఆ విగ్రహం పైభాగం విరిగిపోయింది కదా! తల ఉందో లేదో దాన్ని చూసి ఎలా చెబుతారు?

శిల్పాసక్తి:
నిజమే, తల విషయంలో అది సాక్ష్యం కాదు. ఆమెను ఎందుకు కొలిచారో చెప్పడానికి మాత్రం పనికొస్తుంది.

నడిగడ్డ:
ఎందుకు కొలిచారో మా ఊళ్ల ఆడవాళ్లూ అదే చెబుతారు. విగ్రహం పక్కన మా కథా రాయాలి.

శిల్పాసక్తి:
రాయాల్సిందే, స్థానిక కథ అని చెప్పి. శిల్ప వర్ణనలో మాత్రం తల తెగిన దేవత అని రాయవద్దు. ఆ రాతి మీద ఉన్నది పువ్వు.