‘పెద్ద అల’ హొకుసాయ్ ఒక్కరిదేనా?

నీలిమందు: జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ గీయగా చెక్క పలకలతో అచ్చు వేసిన ‘కనగావా పెద్ద అల’ పటం మీద ఆయన సంతకం ఉంది. పలక చెక్కినవారి పేరు, అచ్చు తీసినవారి పేరు లేవు. ఆయన పల్చటి కాగితం మీద గీసి ఇస్తే, దాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అంటించి, గీతకు అటూ ఇటూ ఉన్న చెక్కను తొలిచేసేవారు. ఆ పనిలో అసలు కాగితం కాస్తా పోయేది. ఇప్పుడు మనం చూస్తున్న గీత చెక్కినవారి చేతిది. కీర్తి మొత్తం ఒకరి ఖాతాలోకేనా?

పాతఅట్ట: హొకుసాయ్‌కి చెక్కడం రాదన్నట్టు రాశారే! కుర్రతనంలో ఆయన నేర్చిన పనే అది.

నీలిమందు: రాదనలేదు. ఈ పటానికి చెక్కలేదన్నాను.

పాతఅట్ట: మాట మార్చకండి.

దుకాణదారు: ఇద్దరూ నిషిమురాయా యోహాచిని మరిచిపోయారు. డబ్బు పెట్టిన ప్రచురణకర్త ఆయన. విదేశాల నుంచి వచ్చిన ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు అప్పట్లో కొత్త మోజు. ‘పెద్ద అల’ కూడా ఉన్న ఫూజీ కొండ పటాల వరసను నీలంలో వేస్తున్నామని, 36 దగ్గర ఆగకపోవచ్చని 1831లోనే ప్రకటన వేశారు. గిరాకీ బాగుండి 46 అయ్యాయి. ఇసె గుడి యాత్ర పేరుతో జనం ఊళ్లు తిరుగుతున్న కాలం. కొండలూ దారులూ ఉన్న పటాలు అమ్ముడుపోతాయని పసిగట్టింది వ్యాపారి బుర్ర. కూలి ఇచ్చేశాక పేరు గొడవేమిటి?

గోరింట: ఆకాశంలో రంగు మెల్లగా పలచబడుతుంది కదా, అది ఎవరి పని?

నీలిమందు: అచ్చు తీసేవారిది. పలక మీద తడి చేసి రంగును జారుగా పరచాలి, ప్రతి కాగితానికీ మళ్లీ మొదటినుంచి.
దుకాణదారు గారూ, “కూలి ఇచ్చేశాక” అన్న మాటే ఒక ప్రచురణకర్త నాతోనూ అన్నాడు. ముఖచిత్రం నాది. మూడో ముద్రణ వచ్చింది. అక్షరాలు కూర్చినవారి పేరు ఉంది, నా పేరు లేదు.

పాతఅట్ట: అదీ సంగతి! జపాన్ దాకా ఎందుకు వెళ్లామో ఇప్పుడు అర్థమైంది.

నీలిమందు: వెటకారం ఆపండి. 1834లో మొదలైన ‘ఫూజీ నూరు దృశ్యాలు’ పుస్తకంలో చెక్కిన ఎగావా తొమెకిచి పేరు వేశారు. పుస్తకంలో కుదిరింది విడి పటంలో ఎందుకు కుదరలేదు?

దుకాణదారు: పుస్తకం చివర చోటుంటుంది. పటంలో ఎక్కడ వేస్తారు, అల మీదా? అసలు పేరు వేస్తే రేపు వాటా అడుగుతారు. పలకలు ప్రచురణకర్తవి. ఎన్ని కాగితాలు అచ్చయినా హొకుసాయ్‌కే వాటా లేదు, ఒక్కసారి ఇచ్చిన సొమ్మే.

నీలిమందు: అయితే ఆయనకూ అన్యాయం జరిగినట్టే. ఇంతసేపూ మీరు వెనకేసుకొస్తున్నది దాన్నా?

దుకాణదారు: అమ్ముడుపోని పటాల నష్టంలో ఆయన వాటా పంచుకున్నారా? అది చెప్పండి ముందు.