టూల్ వివరణలో డేటాబేస్ గురించి ఎంత చెప్పాలి?

పట్టిక_కాపరి:
మా సంస్థ ఆర్డర్లన్నీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉన్నాయి. వాటిపై ప్రశ్నలకు జవాబు చెప్పే ఏఐ ఏజెంటు కోసం మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఏఐ మోడల్‌ను బయటి టూళ్లతో, అంటే అది పిలిచి వాడుకోగల ప్రోగ్రాములతో, కలిపే ప్రమాణం) సర్వర్ ఒకటి తయారుచేస్తున్నాము. మోడల్‌కు టూల్ లోపలి కోడ్ కనిపించదు. దాని పేరు, వివరణ, ఇన్‌పుట్ స్కీమా (ఏ ఇన్‌పుట్లు ఏ రూపంలో ఇవ్వాలో చెప్పేది) చూసే ఏ టూల్‌ను ఎప్పుడు పిలవాలో నిర్ణయించుకుంటుంది. ప్రస్తుతం మా వివరణ "డేటాబేస్‌పై ఎస్‌క్యూఎల్ క్వెరీ నడుపుతుంది" అనే ఒక్క వాక్యమే (ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ను ప్రశ్నించే భాష, క్వెరీ అంటే ఆ ప్రశ్న). టేబుళ్లు, కాలమ్‌లు అన్నీ అందులోనే రాయాలని కొందరు, డేటాబేస్ స్కీమాను (టేబుళ్లు, కాలమ్‌ల నిర్మాణాన్ని) చూపే మరో టూల్ ఉంటే చాలునని మరికొందరు వాదిస్తున్నారు. మీ అభిప్రాయం ఏమిటి?

క్వెరీ_కరణం:
అన్నీ రాయండి. స్కీమా టూల్ ఇచ్చినా, మోడల్ దాన్ని పిలవకుండానే కాలమ్ పేర్లు ఊహించి క్వెరీ రాసేయడం మామూలే. పైగా స్కీమా అన్నీ చెప్పదు. అమౌంట్ అనే కాలమ్ ఇంటిజర్ (పూర్ణాంకం) అని తెలుస్తుంది గాని, అందులో ఉన్నవి రూపాయలో పైసలో తెలియదు. స్టేటస్ 3 అంటే రద్దయిన ఆర్డరని ఏ ఇన్ఫర్మేషన్ స్కీమా (డేటాబేస్ తన టేబుళ్ల వివరాలు ఉంచే చోటు) చెబుతుంది?

టోకెన్_పొదుపు:
కరణం గారితో ఏకీభవించలేను. వివరణ సాధారణంగా ప్రతి అభ్యర్థనతోనూ మోడల్‌కు వెళుతుంది. ప్రశ్నకు దానితో పని ఉన్నా లేకపోయినా ఆ టోకెన్లు (మోడల్ చదివే పాఠ్యపు ముక్కలు) ఖర్చవుతూనే ఉంటాయి. అంతకంటే పెద్ద చిక్కు, టేబుల్ ఒకచోట, దాని గురించిన మాట మరోచోట ఉండడం. మైగ్రేషన్‌లో (డేటాబేస్ నిర్మాణాన్ని మార్చే స్క్రిప్టులో) కాలమ్ పేరు మారినప్పుడు వివరణను మార్చాలని గుర్తుపెట్టుకునే వారెవరు? పోస్ట్‌గ్రెస్‌లో 'కామెంట్ ఆన్ కాలమ్' (కాలమ్‌కు వివరణను జతచేసే ఆదేశం) ఉన్నది ఇందుకే. అర్థాన్ని అక్కడ రాసి, స్కీమా టూల్ దాన్ని కూడా తెచ్చి ఇచ్చేలా చేస్తే, మైగ్రేషన్ రాసినవారే అదే ఫైలులో కామెంటునూ మారుస్తారు.

రాత్రి_డ్యూటీ_డీబీఏ:
ఇద్దరూ పొడవు గురించి వాదిస్తున్నారు. తప్పు జరిగితే అది బయటపడుతుందా లేదా అన్నది ముందు చూడాలి. కాలమ్ పేరు తప్పు రాస్తే పోస్ట్‌గ్రెస్ వెంటనే ఎర్రర్ ఇస్తుంది, దగ్గరి పేరు ఉంటే "బహుశా ఈ కాలమ్ కావచ్చు" అనే సూచననూ జతచేస్తుంది. మీ టూల్ ఆ సూచనను మింగేసి "క్వెరీ విఫలమైంది" అని ఊరుకోకపోతే, మోడల్ తనంతట తానే సరిదిద్దుకోగలదు. అలాంటి వాటికి వివరణలో చోటు వృథా.

ఎర్రరే రాని తప్పుల సంగతి వేరు. ఆర్డరు సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉన్నదనుకోండి. "నిన్న ఎన్ని ఆర్డర్లు వచ్చాయి" అని అడిగితే, ఆ సంగతి తెలియని మోడల్ తేదీని నేరుగా పోల్చి క్వెరీ రాస్తుంది. మన కాలమానం 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది కనుక, అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున 5:30 వరకు వచ్చినవన్నీ అంతకుముందు రోజు ఖాతాలో పడతాయి. క్వెరీ చక్కగా నడుస్తుంది, అంకె నమ్మదగినట్టే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. ఫలితాన్ని 100 వరుసల దగ్గర కత్తిరించే టూల్ ఆ మాట చెప్పకపోయినా ఇంతే: మోడల్ ఆ 100నే మొత్తమనుకుంటుంది. నేనైతే ఇలా రాస్తాను:

"ఆర్డర్ల డేటాబేస్‌పై సెలెక్ట్ క్వెరీ నడుపుతుంది. స్టాకు, జీతాల వివరాలు ఇందులో లేవు. ఆ ప్రశ్నలకు వాడవద్దు. సమయాలన్నీ యూటీసీలో, మొత్తాలన్నీ పైసల్లో ఉంటాయి. స్టేటస్ 3 రద్దయిన ఆర్డరు; అమ్మకాల్లో కలపవద్దు. 100 వరుసలకు మించి ఇవ్వదు. మించితే ఫలితం చివర ఆ సంగతి తెలుపుతుంది. కాలమ్ పేర్ల కోసం ముందుగా స్కీమా టూల్‌ను పిలవాలి."

"డేటాను మార్చవద్దు" అన్న వాక్యం ఇందులో లేదు. అది మోడల్‌ను బతిమాలి సాధించవలసిన పని కాదు. సెలెక్ట్ (చదివే) అనుమతి మాత్రమే ఉన్న రోల్ (డేటాబేస్ ఖాతా) ఇవ్వాలి, స్టేట్‌మెంట్ టైమవుట్ (క్వెరీ ఎంతసేపు నడవవచ్చో పరిమితి) పెట్టాలి. టూల్ చదవడానికి మాత్రమేనని తెలిపే గుర్తు ప్రోటోకాల్‌లో ఒకటుంది గాని, అది సూచనే తప్ప హామీ కాదు.

టోకెన్_పొదుపు:
ఈ ఉదాహరణలు నా వాదననే బలపరుస్తున్నాయి. భారత కాలమానంలో తేదీని, రూపాయల్లో మొత్తాన్ని చూపే వ్యూ (టేబుల్‌లా వాడుకోగల, ముందే రాసిపెట్టిన క్వెరీ) తయారుచేసి, రద్దయిన ఆర్డర్లను అందులోంచి తీసేసి, ఏజెంటు రోల్‌కు దాని మీదే అనుమతి ఇస్తే, మీ హెచ్చరికల్లో సగం అవసరమే ఉండదు.

రాత్రి_డ్యూటీ_డీబీఏ:
తేదీ, రూపాయల వరకు ఒప్పుకుంటాను, అలాగే చేయాలి. రద్దయినవాటిని మాత్రం తీసేయకండి. "గత నెల ఎన్ని ఆర్డర్లు రద్దయ్యాయి" అని ఎవరైనా అడిగితే, ఆ వ్యూను చూసి ఏజెంటు నిశ్చింతగా సున్నా అంటుంది. స్టేటస్‌ను అంకెగా కాక మాటగా చూపితే చాలు.

క్వెరీ_కరణం:
"ఈ ఏడాది అమ్మకాలు" అన్న ప్రశ్న మాటేమిటి? అకౌంట్స్ వారికి ఏడాది ఏప్రిల్ 1న మొదలవుతుంది, మార్కెటింగ్ వారికి జనవరి 1న. ఏ వ్యూ ఈ తగవును తీర్చదు. ఏ ఏడాదో అడిగి తెలుసుకోమని వివరణలో రాయవలసిందే.

టోకెన్_పొదుపు:
అది సిస్టమ్ ప్రాంప్ట్‌లో (ఏజెంటును నడిపేవారు మోడల్‌కు ముందుగా ఇచ్చే సూచనల్లో) ఉండవలసిన మాట, టూల్ వివరణలో కాదు.

పట్టిక_కాపరి:
అందరికీ ధన్యవాదాలు. రద్దయినవాటిని ఉంచుతూ వ్యూ తయారుచేస్తాము. అకౌంట్స్ వారు నిజంగా అడిగే ప్రశ్నలను, వాటి సరైన జవాబులను ముందే రాసిపెట్టుకొని, పాత వివరణతోనూ కొత్తదానితోనూ నడిపి పోల్చి చూస్తాము. ఏడాది విషయంలో మాత్రం కరణం గారి మాటే పాటిస్తున్నాను: మా సర్వర్‌ను వేరే బృందాల ఏజెంట్లు కూడా వాడతాయి, వాటి సిస్టమ్ ప్రాంప్ట్‌లు మా చేతిలో లేవు.