20 నిమిషాలకే చేతులెత్తేసిన ఇన్వర్టర్: మీ ఇళ్లల్లో ఎలా ఉంది?

గోదారిగట్టు:
మాది రాజమండ్రి. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే కెపాసిటీ) ట్యూబులర్ బ్యాటరీ కొని నాలుగేళ్లయింది. మొన్న రాత్రి గాలివానకి కరెంటు పోయింది. రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు, నాన్నగారికి గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే కాన్సన్‌ట్రేటర్ నడుస్తున్నాయి. 20 నిమిషాలకి కీచుకీచుమని మోగి మొత్తం ఆగిపోయింది. పోయే ముందు దాకా డిస్‌ప్లేలో ‘ఫుల్’ అనే ఉంది! చిన్న సిలిండర్ ఒకటి ఇంట్లో ఉండబట్టి గండం గడిచింది. షాపతను బ్యాటరీ మార్చేయమంటున్నాడు. నాలుగేళ్లకే పోతుందా? మీ అనుభవాలు చెప్పండి.

వోల్టుమీటరు:
బ్యాటరీల పనిలో పదిహేనేళ్లుగా ఉన్నాను. ముందు ఒక్కో సెల్లు మీదా ఉన్న, నీటి మట్టం చూపించే ఫ్లోట్ చూడండి, లోపలికి దిగిపోయాయా? ఆ ‘ఫుల్’ని నమ్మకండి. అది చూసేది వోల్టేజీని, లోపలి సరుకుని కాదు. నీళ్లు తగ్గి ప్లేట్లు గాలికి ఆరితే వాటి మీద సల్ఫేట్ పొర పేరుకుంటుంది. అలాంటి బ్యాటరీ గబగబా నిండినట్టు కనిపిస్తుంది, గబగబా ఖాళీ అవుతుంది.

ఇక లెక్క. 12 వోల్టులు ఇంటూ 150 ఏహెచ్ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. ఇన్వర్టర్ తినేది పోగా, పూర్తిగా పిండకుండా వాడితే 1200 చేతికొస్తే గొప్ప. మీ ఫ్యాన్లూ లైట్లూ కలిపి 180 వాట్లు. అవి మాత్రమే అయితే కొత్త బ్యాటరీ ఆరు గంటలు లాగుతుంది. నిమిషానికి ఐదు లీటర్లిచ్చే కాన్సన్‌ట్రేటర్ ఇంకో 350 దాకా లాగుతుంది. అది కలిస్తే రెండు గంటలే. పైగా ఆ 150 అనేది 20 గంటల పాటు మెల్లగా వాడితే వచ్చే లెక్క. ఒక్కసారిగా లాగితే అంత కూడా రాదు.

గోదారిగట్టు:
ఇప్పుడే టార్చి వేసి చూశాను. నాలుగు ఫ్లోట్లు లోపలికి పోయాయి. నీళ్లు ఎప్పుడు పోశామని ఇంట్లో అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోయినేడు ఎండల్లో మా బావమరిది ఫిల్టర్ నీళ్లు పోశాడట, ఇప్పుడు చెబుతున్నాడు.

వోల్టుమీటరు:
అయితే షాపతను చెప్పింది నిజమే. డిస్టిల్డ్ వాటర్ తప్ప ఏదీ పోయకూడదు. కావాలంటే యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ పెట్టించండి, ఫుల్ ఛార్జింగ్ తర్వాత అన్ని సెల్లులూ ఇంచుమించు ఒకేలా చూపించాలి. ఒక్కటి బాగా పడిపోయినా మిగతా ఐదింటినీ ముంచుతుంది. బావమరిదిని ఏమనకండి, పదిళ్లలో ఆరిళ్ల కథ ఇదే.

గాజువాక వాసి:
హుద్‌హుద్ తుఫాను గుర్తొచ్చింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. మా అపార్ట్‌మెంటుకి జనరేటర్ ఉందని ఆ రాత్రి మేమే రాజులం. రెండో రోజుకి డీజిల్ అయిపోయింది. బంకులో డీజిల్ ఉన్నా తోడే పంపుకి కరెంటు లేదు. తెరిచిన చోట క్యూ రోడ్డు చివరిదాకా. ఇన్వర్టర్ మొదటి రాత్రే ఖాళీ, మళ్లీ నింపుకోడానికి లైను ఏది? ఐదు రోజులు కారు స్టార్ట్ చేసి ఫోన్లు ఛార్జి చేసుకున్నాం. గంట కోతకి సరిపోయేది తుఫానుకి సరిపోదు.

మిద్దె సోలార్:
నా బాధ వేరే. మూడు కిలోవాట్ల సోలార్, 78,000 సబ్సిడీతో పెట్టించా. మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది, నెత్తిన ఎండ మండిపోతోంది, ఇంట్లో ఫ్యాను లేదు! కరెంటు లైనుకి కలిపి నడిచే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ లైను పోగానే తనూ ఆగిపోతుందట. లేకపోతే మన కరెంటు లైన్లోకి వెళ్లి స్తంభం మీదున్న లైన్‌మన్‌కి షాక్ కొడుతుంది. సబబే గానీ, పెట్టేటప్పుడు ఒక్కరూ చెప్పలేదు. కోతల్లో కూడా పనిచేయాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ పెట్టించుకోవాలి.

బెజవాడ బాబాయ్:
2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మాది సింగ్‌నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్. ఇన్వర్టర్ మెట్ల కింద ఉంది. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాక గుర్తొచ్చింది. వీధిలో కరెంటు లేకపోయినా దాని వైర్లలో ఉంటుంది కదా, దగ్గరికి పోవడానికి ధైర్యం చాల్లేదు. ఇప్పుడు పై అంతస్తులో పెట్టాం. యాభై కిలోల పైన బరువు, మోసినవాళ్లు నన్ను బాగా తిట్టుకునుంటారు.

ఫ్లాట్ 502:
మా జనరేటర్‌కి డీజిల్ ఉంది, ఆయిల్ ఉంది. స్టార్టు చేసే చిన్న బ్యాటరీ చచ్చిపోయింది, అంతే. ఇప్పుడు శనివారం శనివారం పావుగంట నడిపి, లిఫ్టు కూడా ఎక్కి చూస్తాడు వాచ్‌మన్.

తెల్లకోటు:
నర్సుగా చెబుతున్నా గోదారిగట్టు గారూ, కాన్సన్‌ట్రేటర్‌కి ఇన్వర్టర్ ఒక్కటే దిక్కుగా పెట్టుకోకండి. బి టైప్ సిలిండర్ నిండా ఉంటే సుమారు 1500 లీటర్లు. నిమిషానికి రెండు లీటర్లయితే 12 గంటలు వస్తుంది. నాన్నగారికి ఎంత పెట్టాలో డాక్టరు చెప్పినదాన్ని బట్టి లెక్కేసుకోండి. సిలిండర్ వాల్వు తిప్పే తాళంచెవి దారంతో దానికే కట్టేయండి. చీకట్లో అది వెతుక్కున్నవాళ్లని చూశాను.

గోదారిగట్టు:
అందరికీ థ్యాంక్స్. కొత్త బ్యాటరీ వచ్చింది, తాళంచెవి కట్టేశాను. పక్కన సిలిండర్ సిద్ధంగా పెట్టుకుని, నిన్న సాయంత్రం నేనే మెయిన్ ఆఫ్ చేసి గడియారం పెట్టుకుని కూర్చున్నా. కాన్సన్‌ట్రేటర్‌తో కలిపి గంటా యాభై నిమిషాలు. ఇన్వర్టర్ మీద స్కెచ్ పెన్‌తో తేదీ వేసి రాసేశాను. సీరియల్ పోయిందని అమ్మ ఇంకా మాట్లాడటం లేదు.