కేంబ్రిడ్జ్‌కి వస్తున్నాను, మైక్రోబయాలజీ వాళ్ళకి ఉద్యోగాలు ఎక్కడ?

అందరికీ నమస్కారం. మావారికి అడెన్‌బ్రూక్స్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. నేను గుంటూరులో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చేశాను, డిపెండెంట్ వీసా మీద వస్తున్నాను. యూనివర్సిటీలో తప్ప పరిశోధన ఉద్యోగాలు ఉండవా? ఇల్లు ఎక్కడ చూసుకోవాలి?

*

రండమ్మా, స్వాగతం. డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేసుకోవచ్చు, ఆ టెన్షన్ వద్దు. యూనివర్సిటీ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోకండి. కేంబ్రిడ్జ్ ఉన్న ఈ తూర్పు ఇంగ్లండ్ ప్రాంతంలో, అంటే ఈస్ట్ ఆంగ్లియాలో, ఆసుపత్రులను ఆనుకుని కూడా పరిశోధన బాగా సాగుతుంది. 1766లో మొదలైన అడెన్‌బ్రూక్స్ ఇప్పుడు ఊరికి దక్షిణాన పెద్ద క్యాంపస్‌లో ఉంది. గుండె, ఊపిరితిత్తుల వైద్యానికి పేరున్న పాప్‌వర్త్ ఆసుపత్రి 2019లో అక్కడికే మారింది. వెంకీ రామకృష్ణన్ గారికి 2009లో నోబెల్ తెచ్చిన రైబోజోమ్ (కణాల్లో ప్రోటీన్లు తయారుచేసే భాగం) పరిశోధన చేసిన ఎల్.ఎం.బి. (మాలిక్యులర్ బయాలజీ పరిశోధనశాల) కూడా ఆ క్యాంపస్‌లోనే ఉంది.

అయితే మీ చదువుకి నేను ముందు చెప్పేది ఇదే ప్రాంతంలోని మరో ఊరు, నారిచ్. అక్కడి క్వాడ్రమ్ ఇన్‌స్టిట్యూట్‌లో పేగుల్లోని సూక్ష్మజీవుల మీద, తిండి ద్వారా వచ్చే ఇన్ఫెక్షన్ల మీద పని జరుగుతుంది. నార్‌ఫోక్ అండ్ నారిచ్ ఆసుపత్రి వాళ్ళ ఎండోస్కోపీ విభాగం కూడా ఆ భవనంలోనే ఉంది. పేషెంట్లకు పరీక్షలు, శాస్త్రవేత్తల ల్యాబులు ఒకే కప్పు కింద! మైక్రోబయాలజీ చదివినవాళ్ళకి ఈ చుట్టుపక్కల ఇంతకన్నా మంచి చోటు నాకు కనబడలేదు.

అప్లై చేసేటప్పుడు ఒక జాగ్రత్త. 'బయోమెడికల్ సైంటిస్ట్' అని ఉన్న ఆసుపత్రి పోస్టులకు హెచ్.సి.పి.సి. (ఇక్కడి హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, మన డిగ్రీ ఒక్కటే చాలదు. ఈ సంగతి తెలియక మనవాళ్ళు అప్లికేషన్ల మీద అప్లికేషన్లు పెట్టి, పిలుపు రాక కుంగిపోతుంటారు. చూస్తే బాధేస్తుంది. రీసెర్చ్ అసిస్టెంట్, ల్యాబ్ అసిస్టెంట్ పోస్టులకు ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వాటితో మొదలుపెట్టి, అది మెల్లగా చూసుకోండి.

*

అక్క చెప్పినదానికి ఇంటి సంగతి కలుపుతాను. అడెన్‌బ్రూక్స్ దగ్గర అద్దెలు బాగా ఎక్కువ. దగ్గర్లోని చిన్న ఊరు ఈలీ చూడండి. అక్కణ్ణుంచి కేంబ్రిడ్జ్‌కి రైల్లో దాదాపు పావుగంట, నారిచ్‌కి ఇంచుమించు గంట. మీకు నారిచ్‌లో ఉద్యోగం దొరికినా ఇద్దరికీ కుదురుతుంది. మీవారికి రాత్రి డ్యూటీలుంటే మాత్రం రైలు వేళలు చూసుకున్నాకే ఇల్లు ఖాయం చేయండి.

దిగగానే దగ్గర్లోని జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గర పేర్లు నమోదు చేయించుకోండి. జ్వరమొస్తే నేరుగా పెద్దాసుపత్రి డాక్టర్‌కి చూపించుకునే పద్ధతి ఇక్కడ లేదు. గుంటూరులో వేయించుకున్న టీకాల కాగితాలు, ముఖ్యంగా హెపటైటిస్ బి వివరాలు, వెంట తెచ్చుకోండి. ఆసుపత్రి ఉద్యోగంలో చేరేముందు అవి అడుగుతారు.